గుడ్ ఫ్రైడే నాటి చీర

మార్చి 22, ఆదివారం

ఒప్పుకుంది! మా స్టెల్లా పెళ్ళికి ఒప్పుకుంది!

ఈ డైరీ జనవరిలో బ్యాంకులో ఇచ్చారు. ఇన్నాళ్ళూ గ్యాసు బండ ఎప్పుడు మార్చిందీ, కొళాయి ఏ రోజు రానిదీ తప్ప ఇందులో ఏమీ రాయలేదు. ఈరోజు రాయకపోతే నాకు ఊపిరాడదు. ఎనిమిదో తరగతి చదువు నాది. తప్పులుంటే ఉండనీ, చూసేవాళ్ళెవరు?

అబ్బాయి పేరు సుకుమార్. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. మన క్రైస్తవ సంఘాల వాళ్ళే. నలభై దాటాయి. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసేసరికి తన పెళ్ళి సంగతి మరిచిపోయాడట. మా బిడ్డకు ముప్పై ఆరు. ఇంతకుముందు పద్నాలుగు సంబంధాలు వద్దంది. నేను అడగడమే మానేశాను. ఈరోజు అతను బస్సు దిగి, మెడ తుడుచుకుంటూ వచ్చి, ఫ్యాను కింద కూర్చున్నాడు.

"మీకు ఏమంటే ఇష్టమండీ?" అని అడిగాడు.

"నిద్ర," అంది మా బిడ్డ. "దినామూ తెల్లారకముందే కంపెనీ బస్సు. ఆదివారం దొరికితే పండుకుంటాను. ఇంకేం లేదు."

నేను తల పట్టుకున్నాను. పదిహేనోదీ పోయిందిరా మునెయ్యా అనుకున్నాను. అతను ఏమన్నాడో తెలుసా? "నాకూ అంతేనండీ. మామిడి సీజన్లో మూడు నెల్లు నిద్రే ఉండదు. ఆమీట ఆదివారం పొద్దు ఎవురన్నా తలుపు తడితే కొట్టబుద్ధి అయితాది."

ఇద్దరూ నవ్వారు. మా ఇంట్లో రెండు గొంతులు కలిసి నవ్వడం, నా ఇల్లాలు లీలావతి పోయిన ఈ తొమ్మిదేళ్ళలో నేను వినలేదు. అతను వెళ్ళాక బిడ్డ గ్లాసులు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే, "సరే నాయనా," అంది.

"ఏంది సరే?"

"దేనికి సరే అంటారు? పెండ్లికి!"

సంతోషం పట్టలేక వీధిలోకి పరుగెత్తాను. మిట్టమధ్యాహ్నం, ఒక్క మనిషి లేడు. ఎదురింటి వాకిట్లో మేక ఉంటే దానికి చెప్పాను.

మామిడి సీజన్ మొదలైతే అతనికి సెలవు దొరకదు. అందుకని ఈస్టర్ అయిన పది రోజులకే పెళ్ళి. ఏప్రిల్ పదిహేను, బుధవారం.

మార్చి 24, మంగళవారం

పెళ్ళికి వారం రోజులు సెలవు కావాలంటే అంతదాకా ఆదివారాలు కూడా పనికి రావాలన్నారట శ్రీ సిటీలో బిడ్డ పనిచేసే కంపెనీ వాళ్ళు. కంపెనీ మూసేది ఒక్కరోజే. ఏప్రిల్ మూడు. అదీగాక జాకెట్టు కుట్టే పవిత్ర, నాలుగో తేదీకి గుడ్డ చేతికి రాకపోతే తనవల్ల కాదని చెప్పేసింది.

"ఆ పొద్దు తిరుపతికి పోయి సీర తెచ్చుకుందాం నాయనా," అంది స్టెల్లా బస్సుకు బయలుదేరుతూ. "నువ్వే రావల్ల. ఇంకెవ్వురూ వద్దు."

"నేను లేకుండా ఎట్లా కొంటావు?" అన్నాను. అంత సంతోషంగా అన్నాను! నా బిడ్డ నన్ను ఫలానా చోటికి రమ్మని అడిగి ఎన్నేళ్ళయింది?

బస్సు వెళ్ళిపోయాక క్యాలెండర్ చూశాను. ఏప్రిల్ మూడు, గుడ్ ఫ్రైడే.

మార్చి 29, మట్టల ఆదివారం

ఈరోజు గుడిలో మొదటి పెళ్ళి ప్రకటన చదివారు. "ఏర్పేడు సంఘానికి చెందిన మునెయ్య, కీర్తిశేషురాలు లీలావతి గార్ల కుమార్తె స్టెల్లా..." అని పాస్టరు అయ్యగారు చదువుతుంటే నాకు చెవులు చాలలేదు. చేతిలో ఈతమట్ట పట్టుకుని చిన్నపిల్లాడిలా ఊపేశాను. పక్కన కూర్చున్న చిన్నబ్బ, "కంట్లో గుచ్చుకుంటాదప్పా, దించు," అన్నాడు. దించలేదు.

ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్ళాను, శుక్రవారం రాలేనని చెప్పడానికే. ఆయన చిన్నవాడు, వచ్చి ఏడాది కాలేదు, అన్నీ పద్ధతి ప్రకారం జరగాలంటాడు. గుడ్ ఫ్రైడేకి కాగితం అచ్చు వేయించాడు. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు, వాటి మీద ప్రసంగించడానికి ఏడు పేర్లు. పన్నెండు నుంచి మూడు దాకా ఎవరిది ఎన్ని గంటలకో కూడా వేశాడు. అయిదోది దాహం మాట, 'నేను దప్పిగొనుచున్నాను'. దానికి ఎదురుగా నా పేరు, ఒకటీ నలభైకి. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట నాదే. నా పేరు అచ్చులో చూడటం మాత్రం ఇదే మొదలు.

"అయిదో మాట అంటే మీరే అని అందరూ చెప్పారు మునెయ్యగారూ," అన్నాడు అయ్యగారు.

"అంతా దేవుని కృప," అని వచ్చేశాను.

రేపు చెప్తాను.

మార్చి 30, సోమవారం

చెప్పలేదు. అయ్యగారు చిత్తూరు వెళ్ళారు.

మార్చి 31, మంగళవారం

అయ్యగారు వచ్చారు. నాకు కాస్త నలతగా ఉండి వెళ్ళలేదు. నలత అంటే పెద్దగా ఏమీ లేదు.

అయినా చెప్పాల్సిన అవసరమే లేదు. బాగా ఆలోచించాను. ఎనిమిదింటి బస్సుకు వెళ్తే తొమ్మిదికి తిరుపతి. అంగడి తీసేదీ అప్పుడే. చీరకు ఒక గంట, పోనీ గంటన్నర. పదకొండున్నరకు మళ్ళీ బస్సెక్కితే పన్నెండున్నరకల్లా గుడిలో ఉంటాను. నా మాట ఒకటీ నలభైకి కదా! రెండు పనులూ అవుతాయి. ముప్పై నాలుగేళ్ళు రైల్వే గ్యాంగులో పనిచేసినవాణ్ణి, టైము సంగతి నాకు ఒకరు చెప్పాలా?

సాయంత్రం టీ కొట్టు దగ్గర చిన్నబ్బ కనబడ్డాడు. నాతోబాటే గ్యాంగులో చేసినవాడు, నాలాగే సంఘపెద్ద. ఆరో మాట అతనిది.

"ఏమప్పా, ఈ తూరన్నా నీ దాహం బిన్నా తీరతాదా?" అన్నాడు. "పోయినేడు ముప్పావుగంట తాగితివి. నా మాటకు జనం లేసి పోతా ఉండారు."

"చిన్నబ్బా, ఒకవేళ నేను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే?"

"యాడికి పోతావు?"

"యాడికీ పోను. ఒకవేళ అంటా ఉండాను."

"గుడ్ ఫ్రైడే పొద్దు ఒకవేళ ఏందప్పా? సంఘపెద్ద అన్నోడు బతికుంటే గుడికాడుండల్ల. లేకుంటే సచ్చి గుడి ఎనక సమాధులకాడుండల్ల."

అందరూ నవ్వారు. నేను కూడా గట్టిగా నవ్వాను.

ఏప్రిల్ 1, బుధవారం

ప్రసంగం కాగితం తీసి చూసుకున్నాను. ఏటా అదే, అంచులు నలిగాయి. బాగుంది.

పొద్దుట్నుంచీ ఎందుకో ఆ ఆగస్టు సంగతి గుర్తొస్తోంది. పద్దెనిమిదేళ్ళ కిందటిది. దానికీ దీనికీ ఏం సంబంధం? రాయను.

ఏప్రిల్ 2, గురువారం

బిడ్డ పని నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, నా పక్కన అరుగు మీద కూర్చుంది. "నాయనా, రేపు నీకు మాట ఉండాది కదా?"

"ఉండాది. వచ్చేస్తాంలే. అంతా లెక్క కట్టి పెట్టినాను."

ముఖం మీది తడి తుడుచుకుంది. "పర్వాలేదు నాయనా. ఆడ ఏది ముందు కనిపిస్తే అది తీసుకుందాం. ఒకపూట కట్టేదానికి ఏముండాది?"

ఆ "పర్వాలేదు" నాకు తెలుసు. ఇదే గొంతుతో ఇంతకుముందు విన్నాను.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

వెళ్ళి వచ్చాం. కాళ్ళు లాగుతున్నాయి. చాలా సంతోషంగా ఉంది. రేపు రాస్తాను.

ఏప్రిల్ 4, శనివారం, పొద్దున

కాఫీ తాగి కూర్చున్నాను. బిడ్డ పనికి వెళ్ళింది. జాకెట్టు గుడ్డ పవిత్రకు ఇచ్చి వచ్చాను. ఇప్పుడు అంతా మొదటినుంచీ రాసుకుంటాను, ఒక్కటీ పోకుండా.

నిన్న నేను తెల్లచొక్కా, తెల్లపంచె కట్టుకున్నాను. ప్రసంగం కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఏటా లాగే ఉపవాసం. గుడికి వెళ్ళేవాడిలాగే ఇంట్లోంచి బయలుదేరాను. దారిలో మా సంఘం సిద్ధమ్మ ఎదురై, "ఇంత పొద్దున్నే గుడికా అన్నా?" అంటే "ఊఁ" అన్నాను. అబద్ధం ఆడలేదు, గుడికి కూడా వెళ్ళాలనే ఉంది కదా. బస్టాండు మాత్రం అటువైపు కాదు. సిద్ధమ్మ చూస్తూ నిలబడింది.

బస్సు రేణిగుంటలోనే అరగంట ఆగిపోయింది. సెలవులు, కొండకొచ్చే జనం. గాంధీ రోడ్డు చేరేసరికి పది దాటింది.

చీరలంగడి ఎంత పెద్దదో! కింద తెల్లదుప్పటి పరిచిన పరుపులు, వాటిమీద జనం. మాకు చీరలు చూపించినాయన పేరు మునిప్రసాద్. యాభై ఏళ్ళుంటాయి, మెడలో టేపు, నోట్లో వక్క. నేను ముందే చెప్పేశాను, "పెండ్లికూతురికి తెల్ల పట్టుచీర, జరీ అంచు. బిన్నా సూపించప్పా, మాకు పనుండాది," అని. మా సంఘంలో పెళ్ళికూతుళ్ళంతా తెల్లచీరే కడతారు. లీలావతి కూడా తెల్లచీరే కట్టింది. ఇందులో అడగడానికేముంది?

మునిప్రసాద్ తెల్లచీరలు ఒకటి తరవాత ఒకటి విప్పాడు. పరుపు మీద పాలు ఒలికినట్టుంది. స్టెల్లా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. చివరికి, "ఇదే ఇచ్చేయండి," అని అన్నిటికన్నా పైనున్నది చూపించింది.

"ఇంకోటి సూడమ్మా, ఇది అంచు సన్నం," అన్నాడు మునిప్రసాద్.

"పర్వాలేదు. మా నాయనకు టైము అయితా ఉండాది."

అప్పుడు గోడ గడియారం పదకొండూ పది. నా లెక్క ప్రకారం అంతా సరిగ్గా జరుగుతోంది. లేచి చెప్పులు వేసుకుంటే బస్సు దొరుకుతుంది. నేను లేవలేదు. బిడ్డ ముఖం చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ ఆ ఆగస్టు సంగతి రాయాలి. నర్సింగ్ స్కూలు నుంచి బిడ్డకు ఉత్తరం వచ్చింది, సోమవారం లోపల సర్టిఫికెట్లు తెచ్చి చేరమని. ఉత్తరం మా చేతికొచ్చింది శనివారం సాయంత్రం. సోమవారం మా మందిర ప్రతిష్ఠ పండగ, ఊరేగింపులో సిలువ మోసేది నేను. "ఒక్కరోజుకు ఏం మునిగిపోతుంది? మంగళవారం పోదాం," అన్నాను. సర్టిఫికెట్లన్నీ సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, రెండు జడలతో. మంగళవారం వెళ్ళాం. సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఏదో అనబోతే, "పర్వాలేదు నాయనా," అంది. తరవాత ఫ్యాక్టరీలో చేరింది. తరవాత వాళ్ళమ్మకు జబ్బు చేస్తే రెండేళ్ళు డ్యూటీ దిగి వచ్చి తనే మంచం పక్కన ఉండి చూసుకుంది. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తి నన్ను అనలేదు. అననందుకు నేను లోపల సంతోషపడ్డాను కూడా. ఎంత తెలివైనవాణ్ణో చూడు!

అంగట్లో బిడ్డ ముఖం అదే ముఖం. జడలు లేవు, అంతే.

"నీకు తెల్లది ఇష్టంలేదా?" అని అడిగాను.

"అదేం లేదు."

"స్టెల్లా. నన్ను సూసి సెప్పు."

నన్ను చూసింది. "నాయనా, పదహారేండ్లుగా కంపెనీలో తెల్లకోటు, తెల్లటోపీ, తెల్లమాస్కు. గోడలు తెలుపు, బల్లలు తెలుపు. అద్దంలో సూసుకుంటే కండ్లు తప్ప ఏం కనపడదు. పెండ్లిపొద్దు కూడా డ్యూటీకి పోయినట్టే ఉంటాది నాకు."

మునిప్రసాద్ నోట్లో వక్క నమలడం ఆపేశాడు. నేను, సంఘపెద్దని, గుడ్ ఫ్రైడే పూట, "అప్పా, ఇవన్నీ తీసెయ్. రంగులు సూపించు," అన్నాను.

"నాయనా, నీకు బస్సు..."

"బస్సులు మళ్ళా వస్తాయి. నువ్వు సూడు. ఈ పొద్దంతా నీదే."

ఇంక చూడాలి! తెల్లచీరలన్నీ అవతలికి నెట్టేసి మునిప్రసాద్ అరల మీదికి ఎగబాకాడు. చిలకపచ్చ, నెమలికంఠం, వంకాయ రంగు, రాణి రంగు, పేర్లు తెలియని రంగులు. స్టెల్లా ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూస్తోంది. "ఇది ముదురుగా లేదూ?" అంటుంది. "ఇది బాగుండాది గానీ అంచు బాగలేదు," అంటుంది. నా బిడ్డకు ఇన్ని ఇష్టాలూ ఇన్ని అయిష్టాలూ ఉన్నాయని నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఆ ఒక్క మాటే, పర్వాలేదు.

అప్పుడు మామిడిపండు రంగు చీర వచ్చింది. పచ్చ అంచు. విప్పగానే ముగ్గురం ముందుకు వంగాం.

"ఇది కడితే ఎట్లుంటాదో దూరం నుంచి సూడల్లమ్మా," అని మునిప్రసాద్ తన భుజం మీద వేసుకోబోయి, చొక్కా మీద వక్క మరక ఉందని ఆగి, నన్ను లేపి నిలబెట్టాడు. "సార్ తెల్లచొక్కాలో ఉండాడు, బాగా తెలుస్తాది." నేను వద్దనేలోపల కుచ్చిళ్ళు పెట్టి, పైట నా భుజం మీదినుంచి వేసి, అద్దం వైపు తిప్పాడు.

గోడ గడియారం పన్నెండు. మా గుడిలో మొదటి పాట ఎత్తుకునే వేళ. నేనేమో అద్దంలో మీసాలతో, మామిడిపండు రంగు పట్టుచీరలో!

"కొంచెం పక్కకు తిరుగు నాయనా," అంది స్టెల్లా. తిరిగాను. "చెయ్యి నడుం మీద పెట్టు." పెట్టాను. అంతే, బిడ్డ పరుపు మీద వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పక్కన చీరలు చూసేవాళ్ళు కూడా ఇటు తిరిగి నవ్వారు. నేను కాసేపు అలాగే నిలబడ్డాను, ఆ నవ్వు ఆగిపోతుందేమోనని.

అదే తీసుకున్నాం.

చిన్నబ్బకు ఫోన్ చేశాను. ఆరాధన వేళ, ఫోన్ ఆపేసి ఉంది. అయ్యగారిదీ అంతే. ఇంక చేసేదేముంది? గాజులు కొన్నాం. చెప్పులు కొన్నాం. సుకుమార్‌కు చొక్కాగుడ్డ బిడ్డే ఎంచింది, లేత నీలం, నన్ను అడగనే లేదు. తిరిగి తిరిగి ఎండకు ఇద్దరం తూలిపోతున్నాం.

"నాయనా, నువ్వు ఉపవాసం. నేనూ తినను," అంది.

"ఎప్పుట్నుంచి తినలా నువ్వు?"

"రాత్రి తిన్నాను."

చెయ్యి పట్టుకుని నన్నారి సర్బత్ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు గ్లాసులు. నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి, అంచుదాకా పోసి ఇచ్చాడు. తాగుతూ చేతి గడియారం చూసుకున్నాను. ఒకటీ నలభై అయిదు. దాహం మాట చెప్పాల్సిన వేళకు సర్బత్ తాగుతున్నాను! గొంతుకు అడ్డం పడుతుందేమో అనుకున్నాను. పడలేదు. చల్లగా దిగింది. ఇంకో గ్లాసు కూడా తాగాను.

వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికింది. చీర సంచి బిడ్డ ఒళ్ళో ఉంది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక కిటికీ చువ్వను చూసి అన్నాను, "ఆ ఆగస్టు సోమవారం కూడా నీతో వచ్చి ఉండల్ల నేను."

చీర సంచిని దగ్గరికి లాక్కుంది. "అవును నాయనా," అంది. "వచ్చి ఉండల్ల."

పర్వాలేదు అనలేదు! ఆ మాట వినగానే నా ఛాతీ మీద నుంచి ఎవరో రైలు పట్టా దించినట్టయింది. తరవాత నా భుజం మీద తల పెట్టి ఏర్పేడు దాకా నిద్రపోయింది.

అదే రోజు, మధ్యాహ్నం

చిన్నబ్బ వచ్చి వెళ్ళాడు. చెప్పులు కూడా విప్పలేదు, వాకిట్లోంచే అందుకున్నాడు.

"బతికే ఉండావా? నేను సమాధులకాడ కూడా సూసినాను."

"ఏమైంది చిన్నబ్బా?"

"ఏమైతాది? నాలుగో మాట అయిపోయింది. అయ్యగారు నీ పేరు పిలిచినాడు. లేవు. మళ్ళా పిలిచినాడు. లేవు. జనమంతా గుమ్మం తట్టు సూస్తా ఉండారు. అంతలో ఆడోళ్ళ తట్టు సిద్ధమ్మ లేసింది."

"సిద్ధమ్మా!"

సిద్ధమ్మ గుడికి నీళ్ళు మోస్తుంది. ముప్పై ఏళ్ళుగా కుండలో నీళ్ళు నింపేది ఆమే. ఆమె గుడిలో నోరు విప్పడం ఎవరూ ఎరగరు. నిన్న లేచి నిలబడి, "నాకు సదువు రాదు. దాహం సంగతి తెలుసు. సెప్పొచ్చునా అయ్యగారూ?" అందట. ఆయన కాగితం వైపు చూసి, ఆమె వైపు చూసి, చెప్పమన్నాడట.

ఏం చెప్పిందీ చిన్నబ్బ ఆగి ఆగి చెప్పాడు. కరువొచ్చిన ఏడాది, ట్యాంకరు రాని రోజుల్లో, వాళ్ళాయన జ్వరంతో పడి నీళ్ళడిగాడట. ఇంట్లో చుక్క లేదు. బిందె పట్టుకుని బోరు దగ్గర వరసలో నిలబడింది. వంతు వచ్చి, నింపుకుని ఇల్లు చేరేసరికి ఆయన అడగడం మానేశాడు. "ఎవురన్నా నీళ్ళడిగితే అడిగినప్పుడే ఇయ్యండి. అంతకన్నా నాకేం తెలీదు," అని కూర్చుందట. రెండు నిమిషాలు కూడా పట్టలేదట.

"నా ఆరో మాట ఎవుడూ ఇన్లేదప్పా," అన్నాడు చిన్నబ్బ. "అందురూ ఏడస్తా ఉండారు. నేనూ ఏడస్తా ఉంటే ఏం సెప్పేది?"

అతను వెళ్ళాక నా కాగితం తీసి చదువుకున్నాను. ఇరవై రెండేళ్ళు ఇదే చదివాను. ఎవరూ ఏడ్చినట్టు గుర్తులేదు. కాసేపు మనసు చివుక్కుమంది, అది కూడా రాయాలి. తరవాత పోయింది. పూర్తిగా పోయిందని చెప్పను.

"రేపు పెద్దల ముందర జవాబు సెప్పల్ల నువ్వు," అని వెళ్తూ వెళ్తూ అన్నాడు. "బాగా ఆలోచించుకో."

ఆలోచించాను. కడుపునొప్పి. బస్సు చెడిపోవడం. చిత్తూరులో పెళ్ళివాళ్ళు పిలవడం. బస్సు చెడిపోవడమే బాగున్నట్టుంది. రేణిగుంటలో నిజంగానే ఆగింది కదా.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం

బిడ్డకు ఈరోజు కూడా డ్యూటీ. నేనొక్కణ్ణే వెళ్ళాను. రెండో ప్రకటన చదివారు, మళ్ళీ చెవులు చాలలేదు. ఆరాధన అయ్యాక ఎవరినీ కదలవద్దని చెప్పి చిన్నబ్బ లేచాడు. స్నేహం స్నేహమే, పద్ధతి పద్ధతే అతనికి. "అయిదో మాటకు రానందుకు మునెయ్య సంఘానికి కారణం సెప్పల్ల," అన్నాడు.

లేచాను. బస్సు మాట నాలుక మీదే ఉంది. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు, అందరూ నన్నే చూస్తున్నారు. అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఈ బస్సు అబద్ధం చెప్తే, మొన్నటి రోజంతా ఒక చెడిపోయిన బస్సు అయిపోతుంది. బిడ్డ నవ్విందీ, నా భుజం మీద నిద్రపోయిందీ ఏమీ లేనట్టే.

"నా బిడ్డకు పెండ్లి సీర కొనేదానికి తిరుపతికి పోయినాను," అన్నాను.

చిన్నబ్బ తిరిగి అయ్యగారి వైపు చూశాడు. గుడ్ ఫ్రైడే నాడు బజారుకు వెళ్ళానని సంఘం ముందు నిలబడి చెప్పినవాడు ఇంతవరకూ ఎవడూ లేడు.

ఆడవాళ్ళ వైపు నుంచి సిద్ధమ్మ గొంతు. "ఏం రంగు అన్నా?"

"మామిడిపండు రంగు," అన్నాను. అంత గట్టిగా ఆ గుడిలో నేను ఎన్నడూ మాట్లాడలేదు. "పచ్చ అంచు!"

"తెల్లది కాదా?" అని మగవాళ్ళలో ఎవరో అన్నారు. అతని మాట ఎవరికీ వినబడలేదు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మొదలుపెట్టారు. అంచు ఎంత వెడల్పు? కొంగు మీద ఏముంది? బుటాలున్నాయా, సాదానా? జాకెట్టు ఏ చేతులు? నాకు తెలిసినంతవరకూ అన్నిటికీ జవాబు చెప్పాను. తెలియనివి ఊహించి చెప్పాను. అయ్యగారు రెండుసార్లు గంట మోగించి, ఇంక లాభం లేదని, ఆశీర్వాదం చెప్పేసి మమ్మల్ని పంపేశారు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడాది అయిదో మాట సిద్ధమ్మగారికి ఇద్దామనుకుంటున్నాను," అన్నారు. "మంచిది అయ్యగారూ," అన్నాను. మంచిదే.

నేను ఇల్లు చేరేలోపలే పదిమంది ఆడవాళ్ళు వాకిట్లో ఉన్నారు. చిన్నబ్బ భార్య కూడా. ఆమె వెనకాల, ఊరికే అటుగా వెళ్తున్నట్టు, చిన్నబ్బ. బిడ్డ లేకుండా చూపించవచ్చో లేదో నాకు తెలియదు. అయినా ఆపుకోలేకపోయాను. అందరినీ చేతులు కడుక్కోమని చెప్పి, చాప మీద దుప్పటి పరిచి, మునిప్రసాద్ విసిరినట్టే విసిరి చీర విప్పాను. "ఆ పిల్లకు ఎలుగుతాది," అని సిద్ధమ్మ అంచు మీద చెయ్యి వేసింది. తరవాత అందరూ వేశారు.

ఇప్పుడు సాయంత్రం నాలుగయింది. అందరూ వెళ్ళిపోయారు. గంట నుంచీ ఆ చీరను మళ్ళీ పెట్టెలో పట్టేట్టు మడతపెట్టాలని చూస్తున్నాను. నాలుగుసార్లు పెట్టాను, నాలుగు రకాలుగా వచ్చింది, ఒక్కటీ పెట్టెలో పట్టలేదు. ఆరింటికి కంపెనీ బస్సు వస్తుంది. బిడ్డ చూసి బాగా తిడుతుంది. తిట్టనీ, కూర్చుని అంతా వింటాను.